డులూత్ మారథాన్: పల్లం ఎంతో కొలిచి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో జరిగే మారథాన్ పరుగుల గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ నగరంలో ఏటా జూన్ నెలలో జరిగే గ్రాండ్‌మాస్ మారథాన్‌ను అందులో పరిచయం చేస్తూ, దారి పొడవునా పల్లమే కాబట్టి కొత్తవారు కూడా సులువుగా మంచి సమయం సాధించవచ్చని రాశారు. సరిగ్గా ఆ నమ్మకంతోనే ఆ పరుగులో పాల్గొని దెబ్బతిన్నవాణ్ని కనుక ఆ ఒక్క మాట గురించి ఈ లేఖ రాయక తప్పలేదు. వ్యాసంలోని మిగతా విషయాలతో నాకు పేచీ లేదు. ఆ సరస్సు అందాన్ని నిజానికి మీరు కొంత తక్కువగానే వర్ణించారు.

నేను విశాఖపట్నం రేవులో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే విభాగంలో మూడు దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ చేశాను. యాభై దాటాక డాక్టరు నడవమంటే బీచ్ రోడ్డు మీద నడక మొదలుపెట్టి, క్రమంగా పరుగులో పడ్డాను. మా అమ్మాయి కుటుంబం మినియాపోలిస్‌లో ఉంటుంది. అక్కడి నుంచి డులూత్ సుమారు 250 కిలోమీటర్లు. వేసవిలో వాళ్ల దగ్గరికి వెళ్లే వీలు దొరికినప్పుడు, ఊరికే కూర్చోకుండా ఆ పరుగుకు పేరు నమోదు చేయించుకున్నాను. ఇక్కడ మా పరుగు బృందానికి శిక్షణ ఇచ్చే ఒక కుర్రవాడు దారి పటం ఒకసారి చూసి, పల్లమే మిమ్మల్ని మోసుకుపోతుంది మాస్టారూ, మీరు కాళ్లు ఆడిస్తే చాలు అన్నాడు. ఆ మాట చెవికి ఎంతో ఇంపుగా ఉండడంతో నేను మళ్లీ లెక్క చూసుకోలేదు. జీవితమంతా టన్నులూ మీటర్లూ లెక్కవేసినవాణ్ని ఆ ఒక్క లెక్క వదిలేయడం నా పొరపాటే.

లెక్క ఇది. పరుగు టూ హార్బర్స్ అనే చిన్న రేవు పట్టణం దగ్గర మొదలై, సరస్సు ఒడ్డు వెంట నైరుతి దిశగా సాగి, డులూత్‌లోని కెనాల్ పార్క్‌లో ముగుస్తుంది. మొదలయ్యే చోటు సముద్రమట్టానికి సుమారు 740 అడుగుల ఎత్తులో ఉంటే, ముగిసే చోటు సుమారు 610 అడుగుల ఎత్తులో ఉంది. సుపీరియర్ సరస్సు నీటిమట్టమే 602 అడుగులు కాబట్టి ముగింపు రేఖ దాదాపు నీటి అంచునే ఉన్నట్టు లెక్క. తేడా 130 అడుగులు, అంటే 40 మీటర్లు. 42 కిలోమీటర్ల దారిలో 40 మీటర్లంటే కిలోమీటరుకు నిండా ఒక మీటరు కూడా కాదు. మన ఇళ్లలో స్నానాలగది నేలకు నీరు నిలవకుండా మేస్త్రీ ఇచ్చే వాటం ఇంతకు పది రెట్లు ఉంటుంది. ఆ వాటం మీద నిలబడ్డ మనిషి కాలికి వాలు తెలుస్తుందా? పైగా ఈ 40 మీటర్లు వరసగా దిగేవీ కావు. ఆ దారి సన్నగా ఎక్కుతూ దిగుతూ పోతుంది, అన్నీ కూడి తీసివేయగా మిగిలేది ఆ కాస్త తేడా. దాన్ని పల్లం అనడం అబద్ధం కాదు, కానీ ఆ అంకె చెప్పకుండా ఆ మాట మాత్రమే చెబితే చదివినవారికి అందేది అబద్ధమే.

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ప్రపంచ రికార్డుల కోసం పెట్టిన రెండు షరతులను ఇక్కడ చెప్పుకోవాలి. మొదలుకూ ముగింపుకూ మధ్య ఎత్తు తేడా కిలోమీటరుకు ఒక మీటరు మించకూడదు; ఆ రెండు చోట్ల మధ్య తిన్నని దూరం మొత్తం పరుగు దూరంలో సగానికి మించకూడదు. డులూత్ దారి మొదటి షరతుకు సరిపోతుంది. రెండోదానికి సరిపోదు, ఎందుకంటే అది ఒడ్డు వెంట ఒకే దిశగా పోయే దారి. ఈ రెండో షరతు పల్లం గురించి కాదు, గాలి గురించి. ఒకే దిశగా పరుగెత్తేవారికి వెనక గాలి దొరికితే మొదటి నుంచి చివరి దాకా అది తోస్తూనే ఉంటుంది. 2011లో బోస్టన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పరుగు పూర్తిచేసి, అప్పటి ప్రపంచ రికార్డు 2 గంటల 3 నిమిషాల 59 సెకన్ల కన్నా దాదాపు నిమిషం ముందున్నా, దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించకపోవడానికి కారణం ఈ షరతులే. బోస్టన్ దారి సుమారు 140 మీటర్లు దిగుతుంది, డులూత్‌కు మూడు రెట్లకు పైమాటే. అయినా బోస్టన్‌ను సులువైన పరుగు అనే మనిషి నాకింతవరకూ తారసపడలేదు.

కాబట్టి డులూత్‌లో సమయాన్ని నిర్ణయించేది వాలు కాదు, సరస్సు. సుపీరియర్‌ను సరస్సు అనడానికి మనకు నోరు రాదు. 82,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 400 మీటర్లకు పైగా లోతు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. ఉప్పు వాసన లేకపోవడం ఒక్కటే అది సముద్రం కాదని గుర్తుచేస్తుంది. శీతాకాలంలో గడ్డకట్టిన చలి ఆ నీళ్లలో జూన్ నెలలో కూడా దిగి ఉంటుంది. గాలి సరస్సు మీద నుంచి వస్తే పరుగు దారి చల్లగా ఉంటుంది, ఈశాన్యం నుంచి వస్తే వెనక నుంచి తోస్తుంది. నేల మీద నుంచి వస్తే అదే దారి ఉక్కపోసి, ఎండలో నీడలేని రోడ్డుగా మారిపోతుంది. అందుకే నిర్వాహకులు వేడినీ తేమనూ చూసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు జెండాలు ఎగరేస్తారు. మన రేవుల్లో తుపాను హెచ్చరికకు నంబర్లు ఎగరేసినట్టే అనుకోండి. ఆకుపచ్చ అయితే అనుకున్న వేగంతో పోవచ్చు, ఎరుపు అయితే తగ్గించుకోవాలి, నలుపు అయితే సమయం సంగతి మరిచిపోయి ప్రాణం చూసుకోవాలి. ఆ ఊరికి పరుగు కోసం వెళ్లేవారు ముందు రోజు వాలు గురించి కాదు, గాలి ఎటు నుంచి వస్తుందో అడగాలి.

ఆ ఊరి గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే అక్కడికి వెళ్లిన విశాఖవాసికి అది ఎక్కడో చూసిన ఊరులా అనిపిస్తుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం డులూత్‌లో 86,697 మంది ఉన్నారు. మన లెక్కలో అది ఒక మోస్తరు పట్టణం. నీటి అంచు నుంచి లేచిన కొండ, ఆ కొండ మీద మెట్లు మెట్లుగా ఇళ్లు, కింద రేవు, రేవులోకి పోయే కాలువ మీద ఓడ వచ్చినప్పుడల్లా పైకి లేచే ఉక్కు వంతెన. మిన్నెసోటాలోని మెసాబీ కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం రైళ్ల మీద ఈ రేవులకు దిగి వస్తుంది, ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఖనిజం కిరండూల్ లైను మీద మన రేవుకు దిగి వచ్చినట్టే. పరుగు మొదలయ్యే టూ హార్బర్స్ నుంచే 1884లో మిన్నెసోటా ఇనుప ఖనిజం మొదటిసారి ఓడ ఎక్కింది. అక్కడి పాత ఖనిజ రేవు కట్టడాలు వెయ్యి అడుగులకు పైగా నీళ్లలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. మనకు విశాఖలో వ్యాగన్‌ను బోర్లించే టిప్లర్, ఖనిజాన్ని మోసే కన్వేయర్ బెల్టు, ఓడలో పోసే షిప్ లోడర్ అలవాటు. వాళ్ల పాత పద్ధతిలో రైలే ఆ కట్టడం మీదికి ఎక్కి, వ్యాగన్ అడుగు తెరుచుకుని, ఖనిజం కింది అరల్లో పడి, అక్కడి నుంచి గొట్టపు జారుడుల్లోంచి ఓడలోకి జారేది. పని మొత్తం పల్లానికి అప్పజెప్పారన్నమాట. తోటి రన్నర్లు వార్మప్ చేస్తుంటే నేను ఆ కట్టడాల గురించి ఒక వలంటీరును ప్రశ్నలు వేస్తూ నిలబడ్డాను.

ఈ పరుగు పుట్టిన తీరు కూడా చిన్న ఊరి తీరే. 1977లో స్థానిక పరుగు సంఘం ఒకటి సుమారు 150 మందితో దీన్ని మొదలుపెట్టింది. డబ్బు సర్దడానికి ముందుకొచ్చిన ఊళ్లోని ఒక రెస్టారెంటు పేరే పరుగుకు పెట్టారు. అమ్మమ్మ మారథాన్ అనిపించే ఆ పేరు వెనక అమ్మమ్మ ఎవరూ లేదు, భోజనశాల మాత్రమే ఉంది. మొదటి ఏడాది గెలిచినవాడు మిన్నెసోటాకే చెందిన గ్యారీ బ్యోర్క్‌లండ్, అంతకు ముందు ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినవాడు. 1991లో ప్రారంభించిన హాఫ్ మారథాన్‌కు ఆయన పేరే పెట్టారు. 1981లో అమెరికా రన్నర్ డిక్ బియర్డ్‌స్లీ ఇదే దారిని 2 గంటల 9 నిమిషాల 37 సెకన్లలో పూర్తిచేశాడు. ఆ పరుగుకు అది రికార్డుగా 33 ఏళ్లు నిలిచి, 2014లో కెన్యాకు చెందిన డొమినిక్ ఒండోరో 2 గంటల 9 నిమిషాల 6 సెకన్లలో పరుగెత్తినప్పుడు పోయింది. పల్లమే పని చేసేదైతే, 33 ఏళ్లపాటు ఏటా వచ్చిన మేటి రన్నర్లలో ఒక్కరైనా ఆ 31 సెకన్లు ముందే తగ్గించి ఉండేవారు కారా?

ఇక నా సంగతి. నాలుగుంబావు గంటల్లో పూర్తిచేయాలన్నది నా లెక్క. అంటే కిలోమీటరుకు ఆరు నిమిషాలు. పరుగు ఉదయం 7.45కు మొదలైంది. సన్నని మంచు, చల్లని గాలి, ఎడమచేతి వైపు చెట్ల సందుల్లోంచి బూడిదరంగు నీళ్లు. విశాఖలో చెమటతో తడిసిపోయి పరుగెత్తే మనిషికి ఆ వాతావరణం సారా తాగించినట్టు పనిచేస్తుంది. పల్లం కదా అని, మొదటి 16 కిలోమీటర్లు కిలోమీటరుకు అయిదున్నర నిమిషాల దగ్గరగా పోయాను. ఒళ్లు తేలికగా ఉంది. అది చల్లదనం ఇచ్చిన తేలికదనమని, నేల ఇచ్చినది కాదని అప్పుడు తోచలేదు. నైఫ్ రివర్ అనే పల్లె దాటాక కూడా అదే ఊపు. లెస్టర్ నది దాటి ఊరి పొలిమేరలోకి వచ్చేసరికి తొడలు బరువెక్కడం మొదలైంది. అక్కడి నుంచి లండన్ రోడ్డు. ఇళ్ల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్న జనం, గొట్టాలతో నీళ్లు చిమ్మే పిల్లలు, నా చొక్కా మీద రాసుకున్న పేరు చూసి నోరు తిరగకపోయినా పట్టుదలగా పిలిచిన ఒక పెద్దావిడ.

ఇరవైరెండో మైలు దగ్గర, అంటే 35 కిలోమీటర్లు దాటాక, లెమన్ డ్రాప్ హిల్ అనే చిన్న ఎక్కుడు ఉంది. ఒకప్పుడు అక్కడ ఉండిన ఒక హోటలు పేరు దానికి మిగిలిపోయింది. అది ఎత్తయిన గుట్ట ఏమీ కాదు. మా సింహాచలం మెట్ల ముందు దాన్ని గుట్ట అంటే నవ్వుతారు. కానీ 35 కిలోమీటర్ల తర్వాత, అప్పటిదాకా పల్లమనే మాటను నమ్మి ఖర్చుపెట్టుకున్న కాళ్లకు, అది సింహాచలమే. అక్కడి నుంచి నడక, పరుగు, మళ్లీ నడక. చివరకు కాలువ పక్కన, ప్రదర్శనశాలగా మార్చిన విలియం ఎ. ఇర్విన్ అనే పాత ఖనిజ ఓడ పక్క నుంచి వెళుతూ, ఎన్నో వేల టన్నుల ఖనిజం మోసి ఇప్పుడు కట్టేసి ఉన్న ఆ ఓడను చూసి కొంచెం ఈర్ష్య పడ్డాను. ముగింపు రేఖ దాటేసరికి 4 గంటల 52 నిమిషాలు. అనుకున్నదాని కన్నా 37 నిమిషాలు ఎక్కువ. సమతలంగా ఉన్న దారి అని ముందే తెలిసి ఉంటే మొదటి పదహారు కిలోమీటర్లు ఆరు నిమిషాల చొప్పున పోయేవాణ్ని. నాకు జరిగిన నష్టం ఇంతే, చిన్నదే. కానీ వ్యాసం చదివిన ఏ అరవై ఏళ్ల పెద్దమనిషో వేడి రోజున ఇదే పని చేస్తే నష్టం ఇంత చిన్నదిగా ఉండదు.

ఇప్పుడు నిజమైన పల్లం గురించి. డులూత్ కన్నా ఎన్నో రెట్లు దిగే మారథాన్లు అమెరికాలో ఉన్నాయి. యూటా రాష్ట్రంలోని సెయింట్ జార్జ్ మారథాన్, అది కూడా 1977లోనే మొదలైంది, సుమారు 780 మీటర్లు దిగుతుంది. అంతకన్నా దిగేవీ ఉన్నాయి. అక్కడ గడియారం నిజంగానే సాయపడుతుంది, ఊపిరి తక్కువ ఖర్చవుతుంది. కానీ కాళ్ల లెక్క వేరు. ఖనిజం రైళ్ల వాళ్లను అడగండి, చెబుతారు. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ నుంచి వేల టన్నుల బరువుతో అనంతగిరి లోయ దిగే రైలుకు కష్టం ఇంజిన్ లాగడంలో లేదు, బ్రేకు పట్టడంలో ఉంది. పల్లంలో మనిషి తొడలు చేసేది సరిగ్గా ఆ బ్రేకు పనే. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ బలం ఇస్తుంది. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది. అలా సాగుతూ బరువు మోసిన కండరంలో సన్నని పోగులు చిట్లుతాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. డులూత్ వెళ్లడానికి కొన్ని నెలల ముందు, పల్లం అలవాటు కావాలని, అనంతగిరి ఘాట్‌లో పై నుంచి కిందికి సుమారు 20 కిలోమీటర్లు పరుగెత్తాను. ఆ రోజు నా జీవితంలోనే వేగంగా పరుగెత్తిన రోజు, కాఫీ తోటల వాసన, మలుపు మలుపుకూ లోయ. తర్వాతి మూడు రోజులు మా మేడ మెట్లు వెనక్కి తిరిగి రెయిలింగు పట్టుకుని దిగాను. మా ఆవిడ ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి అమ్మాయికి పంపింది. మారథాన్ దూరంలో సగం కూడా కాని పల్లం చేసిన పని అది. అయితే దీనికొక మంచి గుణం ఉంది: ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం తర్వాతి కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు. అందుకే పెద్ద పల్లపు మారథాన్లకు తయారయ్యేవారు నెలన్నర, రెండు నెలల ముందు నుంచి చిన్న చిన్న దిగుడులతో మొదలుపెట్టి, పొట్టి అడుగులు వేయడం, మడమ మీద దబ్బున పడకుండా ఉండడం అలవాటు చేసుకుంటారు. చివరి రెండు వారాల్లో మాత్రం దిగుడు జోలికి పోరు.

మరో సంగతి మీ వ్యాసకర్త దృష్టికి రాలేదనుకుంటాను. బోస్టన్ మారథాన్‌లో పాల్గొనాలంటే వయసుకు తగిన సమయం ఇంకొక మారథాన్‌లో సాధించి చూపాలి. అందుకోసం చాలామంది కొండ మీది నుంచి దిగే పరుగులు వెతుక్కుంటూ పోయారు. ఆ పరుగును నిర్వహించే బోస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్ 2025లో దీనికి అడ్డుకట్ట వేసింది. 2027 పరుగు నుంచి, 1,500 అడుగులు మొదలు 3,000 అడుగుల లోపు దిగే దారి మీద సాధించిన సమయానికి అయిదు నిమిషాలు, 3,000 నుంచి 6,000 అడుగుల లోపు దిగే దారికి పది నిమిషాలు కలిపి లెక్కిస్తారు. 6,000 అడుగులు, అంతకు మించి దిగే దారుల సమయాలను అసలు స్వీకరించరు. డులూత్ 130 అడుగులతో ఈ లెక్కల దరిదాపుల్లో కూడా లేదు. కాబట్టి అక్కడ సాధించిన సమయానికి అదనంగా నిమిషాలేమీ కలపరు. బోస్టన్ కలలు కనే మన కుర్రకారుకు పనికొచ్చే వార్త ఇది. పల్లం లేకపోవడమే ఆ పరుగుకు ఉన్న ప్రయోజనం. మీ వ్యాసం దాన్ని తలకిందులుగా చెప్పింది.

ఆ పరుగు నుంచి మనం తెచ్చుకోదగ్గది ఉంటే అది దారిని ఎంచుకున్న తీరు. ఒడ్డు వెంట పాత రోడ్డు ఒకటి, దానికి కాస్త లోపలగా వాహనాలు వేగంగా పోయే కొత్త రహదారి ఒకటి ఉన్నాయి. బండ్లన్నీ కొత్తదాని మీద పోతుంటే, పాతదాన్ని ఒక ఉదయం మనుషులకు వదిలేయడం ఎవరికీ పెద్ద ఇబ్బంది కాదు. రన్నర్లను మొదలయ్యే చోటికి బస్సుల్లోనూ, ఒడ్డు వెంట నడిచే పర్యాటక రైలులోనూ చేరవేస్తారు. నేను రైలే ఎక్కాను. పరుగెత్తబోయే దారిని ముందే ఒకసారి కిటికీలోంచి చూసుకుంటూ పోవడం కన్నా ఆనందం ఏముంటుంది? ఊళ్లో హోటళ్లు చాలక విశ్వవిద్యాలయం వసతిగృహాల గదులు రన్నర్లకు అద్దెకు ఇస్తారు. ముందు రోజు రాత్రి కడుపు నిండా స్పగెట్టి పెట్టే విందు ఉంటుంది. మా అమ్మాయి కట్టి ఇచ్చిన పెరుగన్నం డబ్బాతో నేను ఆ విందులో కూర్చుంటే, పక్కనున్న ఒకాయన అది ఏమిటని అడిగి, రెండు చెంచాలు తిని, మర్నాడు తన పరుగు బాగా సాగితే దాని పుణ్యమేనని ఒప్పుకుంటానన్నాడు. ఆయన మళ్లీ కనిపించలేదు.

విశాఖలో ఇలాంటి దారి లేదా అంటే ఉంది. భీమిలి నుంచి ఆర్కే బీచ్ వైపు వచ్చే తీరపు రోడ్డు హాఫ్ మారథాన్‌కు చక్కగా సరిపోతుంది, వాహనాలను జాతీయ రహదారి మీదికి మళ్లించే వీలూ ఉంది. మా బృందంలో మాత్రం కొందరు దాన్ని వదిలేసి, అరకు నుంచి ఘాట్ దిగే మారథాన్ పెడితే దేశమంతా వస్తారని ఉత్సాహపడుతున్నారు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడి నుంచి కొండ దిగువ దాకా పరుగు పెడితే అది బోస్టన్ వారు సమయం కలిపే కోవలోకి వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మలుపుల రోడ్డు మీద అలసిన తొడలతో దిగేవారి కోసం ప్రతి రెండు మూడు కిలోమీటర్లకూ నీళ్లూ, వైద్య సహాయమూ, కిందికి చేర్చే వాహనమూ ఉండాలి. అవి అమర్చగలిగితే పెట్టుకోవచ్చు, నేనే మొదట పేరు ఇస్తాను. ప్రకటనలో మాత్రం ఎన్ని మీటర్లు దిగుతుందో, ఎక్కడెక్కడ దిగుతుందో గీత గీసి చూపించాలి.

మీ పత్రికకు నా విన్నపం కూడా అదే. పరుగుల గురించి రాసేటప్పుడు దూరం, తేదీ, రుసుము ఇచ్చినట్టే, మొదలయ్యే చోటి ఎత్తు, ముగిసే చోటి ఎత్తు, మొత్తం ఎక్కుడు ఎంత, మొత్తం దిగుడు ఎంత అన్నవి ఒక్క వరుసలో ఇవ్వండి. నిర్వాహకుల వివరాల్లో అవి దొరుకుతాయి. డులూత్ విషయంలో జరిగిన పొరపాటును వచ్చే ఆదివారం అనుబంధంలో సవరిస్తే ఇంకా మంచిది. మా బృందంలో నలుగురు ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్నారు. వారిలో ఇద్దరు వచ్చే జూన్ కోసం కిలోమీటరుకు ఎన్ని నిమిషాల్లో పోవాలో పల్లాన్ని నమ్ముకుని ఇప్పటికే కాగితం మీద వేసుకున్నారు. నేను చెబితే వినడం లేదు, పత్రికలో రాశారుగా అంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత రేవు ఉద్యోగి,
విశాఖపట్నం.